బస్సు: ఒక చతుర్థీ విభక్తి కథ

వ్యాకరణము చెప్పే తరగతిలో చతుర్థీ విభక్తి వచ్చే వేళకు పిల్లలకు నిద్ర వస్తుంది. ‘కొఱకున్, కై’ అని నల్లబల్లమీద వ్రాసి, రెండు ఉదాహరణలు చెప్పి ఊరుకొంటే, ఆ విభక్తికి ప్రాణము ఉన్నట్టు ఎవరికీ తోచదు. అటువంటప్పుడు నేను కిటికీలోనుండి కనిపించే రోడ్డువైపు చేయి చూపి, “అదుగో, చతుర్థీ విభక్తి పోతున్నది చూడండి” అంటాను. పిల్లలు తలలు త్రిప్పి చూస్తారు. రాజాం వైపు పోయే బస్సో, విజయనగరము వైపు పోయే బస్సో కనిపిస్తుంది. నవ్వుతారు. నిద్ర వదలిపోతుంది.

ఇది హాస్యమునకు చెప్పిన మాట కాదు. బస్సు అనే మాట నిజముగా ఒక విభక్తి ప్రత్యయమే. లాటిను భాషలో ‘ఓమ్నిబుస్’ అంటే ‘అందరి కొఱకు’ అని అర్థము. అందులో ‘ఓమ్ని’ అనేది ప్రకృతి. అందరు, సర్వము అని దాని అర్థము. ‘బుస్’ అనేది బహువచనములో చేరే చతుర్థీ ప్రత్యయము, మన ‘కొఱకు’ వంటిది. ఫ్రెంచివారు ఆ మాటను ఒక బండికి పేరుగా పెట్టినారు. ఇంగ్లీషువారు దానిని తెచ్చుకొని, పలుకుబడిలో ముందు భాగమును జారవిడిచి ‘బస్’ అన్నారు. మనము ద్విత్వము చేసి, చివర ఉకారము చేర్చి ‘బస్సు’ అన్నాము. ఇంత దూరము ప్రయాణము చేసేసరికి ప్రకృతి ఎక్కడో దిగిపోయినది; ప్రత్యయము మాత్రము మన ఊరు చేరినది. ‘అందరు’ పోయి ‘కొఱకు’ మిగిలినది.

విశ్వవిద్యాలయము అనే మాటలో కూడ ఇటువంటి అర్థమే ఉన్నది. సంస్కృతములో ‘విశ్వ’ శబ్దమునకు సర్వము అని అర్థము. యూనివర్సిటీ అనే మాటకు మూలమైన లాటిను పదమునకు సమష్టి అని అర్థము. విశ్వవిద్యాలయమున్న నగరములో తిరిగే బస్సు అంటే, సర్వము అనే అర్థముగల రెండు మాటలు ఒకదానినొకటి కలిసికొనే చోటు. మా ఉత్తరాంధ్ర విద్యార్థులకు అటువంటి చోటు వాల్తేరు. ఆ నగరములోని బస్సుల చరిత్ర అంటే నా దృష్టిలో యంత్రముల చరిత్ర కాదు. ‘అందరు’ అనే మాటలోనికి ఎవరెవరు ఎప్పుడెప్పుడు ఎక్కగలిగినారు, ఇంకను ఎవరు ఎక్కలేక క్రింద నిలిచి ఉన్నారు అనే చరిత్ర. ఆ కథ ఆరంభము మాత్రము చాల దూరములో ఉన్నది.

గణితవేత్త నడపిన బండి

ద్రవముల పీడనమును గూర్చి పాస్కల్ చెప్పిన నియమము మన ఉన్నత పాఠశాలలలో ప్రతి పిల్లవానికి తెలుసు. ఆ బ్లెయిజ్ పాస్కలే లోకములో మొట్టమొదటి నగర బండి పద్ధతికి కర్త అని పాఠ్యపుస్తకములు చెప్పవు. 1662 మార్చిలో ఆయన యోజన ప్రకారము పారిస్ నగరములో ఐదు సోల చార్జీకి గుఱ్ఱపు బండ్లు నడచినవి. ఆ బండ్లు ఎవరి ఇంటికీ పిలిచినప్పుడు పోవు. ఒక నిర్ణీతమైన దారిలో, నిర్ణీతమైన వేళకు, నిర్ణీతమైన చార్జీకి, ఎక్కినవారు ఒక్కరే అయినను బయలుదేరుతవి. ఈ నాలుగు లక్షణములే నేటికిని బస్సుకు లక్షణములు. ఇంజను మారినది గాని నిర్వచనము మారలేదు.

కాని ఆ నగరపు ఉన్నత న్యాయస్థానము ఒక షరతు పెట్టినది. సైనికులు, సేవకులు, కూలిపని చేసేవారు ఆ బండ్లు ఎక్కరాదని దాని సారాంశము. పాస్కల్ ఆ సంవత్సరమే ఆగస్టులో మరణించినాడు. ఆ బండ్లు కూడ కొన్నేళ్ళు నడచి, క్రమముగా ఆదరణ తప్పి ఆగిపోయినవి. నడిచి పోయేవారు ఎక్కరాదు, సొంత బండి ఉన్నవారు ఎక్కనక్కర లేదు. ఇక ఎక్కేది ఎవరు?

నూటఅరవై ఏండ్లు గడచిన పిమ్మట, 1826లో, ఫ్రాన్సులోనే నాంత్ అనే పట్టణములో స్టానిస్లాస్ బోద్రీ అనే ఆయన ఊరి చివర వేడినీళ్ళ స్నానశాల పెట్టినాడు. అక్కడికి జనమును చేర్చుటకు ఊరి నడుమనుండి ఒక బండి నడిపినాడు. తీరా చూస్తే, ఎక్కినవారిలో చాలమంది స్నానశాలదాక రావడము లేదు; దారిలో తమ తమ పనులున్నచోట దిగిపోతున్నారు. ఆయన వారిని తిట్టక, స్నానశాలకంటె బండియే మంచి వ్యాపారమని గ్రహించినాడు. బండి బయలుదేరే చోట ‘ఓమ్నెస్’ అనే టోపీల వర్తకుడు తన పేరును శ్లేషించి ‘ఓమ్నెస్ ఓమ్నిబుస్’ అని బోర్డు పెట్టుకొన్నాడనీ, దానినుండి బండికి ఆ పేరు వచ్చినదనీ చెప్పుకొంటారు. 1829 జులైలో లండను నగరములో జార్జి షిల్లిబీర్ అటువంటి బండినే నడిపినాడు. పాస్కల్ బండికి లేని ‘అందరు’ ఈ బండి పేరులో చేరినారు. ఆ పేరుతోనే అది మన దేశము వచ్చినది.

ఒకే సంవత్సరము

1926వ సంవత్సరములో రెండు సంఘటనలు జరిగినవి. మద్రాసు శాసనసభ చేసిన చట్టముతో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడినది. ఆ జులై 15న బొంబాయి నగరములో ఆఫ్గన్ చర్చినుండి క్రాఫర్డు మార్కెట్టుకు మొదటి నగర మోటారుబస్సు నడచినది. ఈ రెంటికి ఏ సంబంధము లేదు. అయినను భారతదేశములో నగర బస్సుకును, ఆంధ్రుల విశ్వవిద్యాలయమునకును ఇంచుమించుగా ఒకే వయస్సు అని చెప్పుకొనుటకు ఆ సంవత్సరము పనికివస్తుంది.

విశ్వవిద్యాలయము మొదట బెజవాడలో ఉండి, 1930లో వాల్తేరు చేరినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి ఉపాధ్యక్షులు. 1931 మొదలు 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ పదవిలో ఉన్నారు. అప్పటి విశాఖపట్నము అంటే రేవు ప్రక్కన ఉన్న పాతపట్టణము. 1933లో నౌకాశ్రయము తెరచినారు. వాల్తేరు దానికి వేరుగా, సముద్రమునకు ఎగువన, మెట్టమీద ఉండేది. రైలుస్టేషను పల్లమున ఉన్నది. విద్య గట్టుమీద ఉన్నది. శ్రీకాకుళము వైపునుండి గాని, పార్వతీపురము వైపునుండి గాని వచ్చిన కుఱ్ఱవాడు నెత్తిమీద ట్రంకుపెట్టెతో స్టేషనులో దిగితే, ఆ గట్టు ఎక్కుటకు అతనికి ఉన్న సాధనములు రెండు: జట్కా, కాళ్ళు. జట్కాకు డబ్బు ఉండవలె. కాళ్ళకు ఓపిక ఉండవలె. రైలు అతనిని వందమైళ్ళు తెచ్చినది. చివరి మూడుమైళ్ళు మాత్రము అతని స్తోమతకు పరీక్ష.

విశ్వవిద్యాలయమునకును విద్యార్థికిని నడుమ ఉన్న దూరములో చివరి మూడుమైళ్ళే పెద్దవి. ఈ మాట అప్పుడు నిజము. ఇప్పుడు ఎంతవరకు నిజమో వ్యాసము చివర చూతము.

బొగ్గు బస్సు

ఆ దూరమును తగ్గించుటకు ప్రైవేటు యజమానుల మోటారుబస్సులు వచ్చినవి. 1939 నాటి మోటారు వాహనముల చట్టము వాటికి పర్మిట్లు, దారులు, చార్జీలు నిర్ణయించే పద్ధతి ఏర్పరచినది. ఆ చట్టము అమలులోనికి వచ్చునంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినది. పెట్రోలుకు రేషను వచ్చినది. అప్పుడు పుట్టినది బొగ్గు బస్సు.

ఆ బండిని ఎఱుగని నేటి పిల్లలకు దాని పనిని వివరించవలె. బస్సు వెనుకభాగమున నిలువెత్తు ఇనుప పీపా అమర్చి ఉంటుంది. అందులో కట్టెబొగ్గు నింపి నిప్పు పెట్టి, గాలిని చాలీచాలనట్టుగా పంపిస్తారు. గాలి చాలక బొగ్గు పూర్తిగా మండక కార్బను మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. దానిని వడగట్టి, చల్లార్చి, ఇంజనులోనికి పంపితే పెట్రోలుకు బదులుగా అది మండుతుంది. ఇది రసాయనశాస్త్రము. దీనికి తోడు క్లీనరు ఒకడు ఉండేవాడు. తెల్లవారుజామున లేచి, గాలితిత్తి చక్రమును చేతితో త్రిప్పి త్రిప్పి నిప్పు రాజేయుట అతని పని. ఇంత చేసినను పెట్రోలు బండికి ఉన్న బలము దానికి రాదు. ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి నడిచేవారు, ఒక్కొక్కప్పుడు వెనుకనుండి త్రోసేవారు. బస్సు మనుష్యులను మోయుటయే కాదు, మనుష్యులు బస్సును మోసిన కాలము అది.

ఆ యుద్ధము విశ్వవిద్యాలయమును కూడ కదిలించినది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్నముమీద బాంబులు వేసినవి. వాల్తేరు భవనములు సైనిక అవసరములకు పోయినవి. విశ్వవిద్యాలయము గుంటూరుకు తరలి, యుద్ధానంతరము 1946లో తిరిగి వచ్చినది. చదువు ఊరు విడిచి పోవుట ఎంత సులభమో, చదువుకొనేవాడు దాని వెంట పోవుట ఎంత కష్టమో ఆ నాలుగేండ్లు ఉత్తరాంధ్ర విద్యార్థులకు తెలిసివచ్చినది.

మొదటి గడియ

బండి వచ్చినది, దారి ఏర్పడినది. అయినను ‘అందరు’ ఎక్కినారా అన్నది వేరు ప్రశ్న. మద్రాసు రాజధానిలో కొన్ని ప్రాంతములలో బస్సు యజమానులు అంటరానివారని చెప్పి కొందరిని బండి ఎక్కనిచ్చేవారు కారు. దక్షిణమున రామనాథపురము జిల్లాబోర్డు అధ్యక్షులైన డబ్ల్యూ. పి. ఎ. సౌందరపాండియన్ నాడారుగారు, అటువంటి నిషేధము పాటించే బస్సుల అనుమతి రద్దుచేస్తామని ఉత్తరువు ఇచ్చినారు. డబ్బు చేత పట్టుకొని వచ్చినవానిని ‘నీవు ఎక్కరాదు’ అనుటకు ఆ రోజులలో ఏ సంకోచమూ లేదని ఆ ఉత్తరువే సాక్ష్యము.

రాజ్యాంగములోని 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము సార్వజనిక వాహనములలో ఎక్కనీయకపోవుటను శిక్షార్హమైన నేరముగా చేసినది. అదే 1955 డిసెంబరు 1న అమెరికాలోని మాంట్‌గమరీ పట్టణములో రోజా పార్క్స్ అనే నల్లజాతి వనిత బస్సులో తెల్లవారికి సీటు విడిచి లేవడానికి నిరాకరించినది. ఆమెను నిర్బంధించినారు. ఆ ఊరి నల్లవారు 381 రోజులు బస్సెక్కక, మైళ్ళకు మైళ్ళు నడిచి, చివరకు న్యాయస్థానములో గెలిచినారు. బస్సు అనేది ఎంత చిన్న స్థలమైనను, ఒక సమాజము తన ‘అందరు’ అనే మాటకు ఏ అర్థము చెప్పుకొంటున్నదో అక్కడ తెలిసిపోతుంది.

బస్సు తలుపునకు ఉన్న మూడు గడియలలో ఇది మొదటిది: కులము. దానిని చట్టము తీసినది.

బస్సు కొఱకు కదిలిన పీఠము

రెండవ గడియ డబ్బు. లాభము వచ్చే దారిలో పది బండ్లు పోటీపడి పరుగెత్తుట, లాభము రాని దారిలో ఒక్క బండియు లేకుండుట ప్రైవేటు పద్ధతికి సహజమైన లక్షణము. యజమాని దుర్మార్గుడు కానక్కరలేదు. లెక్క అట్లా ఉంటుంది. నగర బస్సుకు ఈ లెక్క మరింత కష్టము. ఉదయము తొమ్మిదింటికి అందరు ఒకే దిక్కునకు పోవలె. ఆ బండి తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా రావలె. సాయంకాలము ఆ దిక్కు తారుమారవుతుంది. నడిమధ్యాహ్నము బండి ఊరక తిరుగుతుంది. ఒక దారిలో వచ్చిన మిగులును మరొక దారిలోని లోటుకు పెట్టగలిగిన సంస్థ ఉంటేనే గాని ఇది సాగదు. ప్రభుత్వమే బస్సులు నడపవలెననే వాదమునకు మూలము ఇది.

ఆ పని తెలుగుదేశములో మొదట జరిగినది హైదరాబాదులో. 1932 జూన్‌లో నిజాము ప్రభుత్వపు రైలుశాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా ప్రారంభించినది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున్న ఆ నగరమునకు సర్కారు బస్సు అట్లా మనకంటె ముందు వచ్చినది. 1951 నవంబరు 1న ఆ శాఖ హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము క్రిందికి వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట, 1958 జనవరి 11న రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అవతరించినది. మనము ఆర్టీసీ అని పిలుచుకొనేది దానినే.

సంస్థ పుట్టినంతమాత్రాన దారులన్నియు దాని చేతికి రాలేదు. జిల్లా తరువాత జిల్లాగా పథకము ప్రకటించవలె, ప్రైవేటు యజమానుల అభ్యంతరములు వినవలె, ఆపైన నిర్ణయము చేయవలె. కృష్ణాజిల్లా పథకముమీద గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారి పేరిట నడచిన వ్యాజ్యములో 1958 నవంబరులో సుప్రీంకోర్టు ఆ పథకమును కొట్టివేసినది. కారణము ఏమంటే, అభ్యంతరములు విన్నవాడు శాఖా కార్యదర్శి, నిర్ణయము చేసినవాడు ముఖ్యమంత్రి. వినుట ఒకరి పని, తీర్పు మరొకరి పని అయితే ఆ వినుటకు అర్థము లేదని న్యాయస్థానము అభిప్రాయము. అప్పుడు ముఖ్యమంత్రియే స్వయముగా విని నిర్ణయించినారు. 1959లో అది నిలిచినది. నేటికిని న్యాయశాస్త్రము చదివే విద్యార్థులు సహజన్యాయ సూత్రములకు ఈ బస్సు కేసును ఉదాహరణగా చదువుతారు.

కర్నూలు జిల్లా పథకముపైన వచ్చిన వ్యాజ్యము ఇంతకంటె దూరము పోయినది. ముఖ్యమంత్రి ఉద్దేశములను గూర్చి చేసిన ఆరోపణలకు ఆయన ప్రమాణపత్రముతో సమాధానము ఇవ్వలేదని 1964లో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించినది. ఆ వ్యాఖ్య వచ్చిన పిమ్మట నీలం సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసినారు. అదే సంజీవరెడ్డిగారు 1977లో రాష్ట్రపతి అయినారు. బస్సు దారి ఎవరిది అన్న తగవులో ఒక రాష్ట్రపు పీఠము కదలినదంటే, అది ఎంత పెద్ద వస్తువో పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

కండక్టరు నోట చరిత్ర

కాలక్రమమున విశాఖ వీధులలో కూడ ఆర్టీసీ బస్సు నిలదొక్కుకొన్నది. నగరము బస్సును లాగినది, బస్సు నగరమును లాగినది. 1966లో ఉక్కు కర్మాగారము కొఱకు జరిగిన ఆందోళనలో విద్యార్థులు ముందు నిలిచినారు. 1971లో దానికి శంకుస్థాపన జరిగినది. 1979లో విశాఖపట్నము నగరపాలక సంస్థ అయినది. 2005లో గాజువాకను, చుట్టుపట్ల గ్రామములను కలుపుకొని మహానగరపాలక సంస్థ అయినది. సముద్రపు ఒడ్డున భీమిలి దాక, ఇటు కూర్మన్నపాలెము దాక, అటు సింహాచలము, పెందుర్తి దాక సిటీబస్సు పోయినచోటెల్ల నగరము పోయినది.

ఈ పెరుగుదల చరిత్ర ఏ గ్రంథములోను అంత బాగా వినబడదు. కండక్టరు నోట వినబడుతుంది. ‘సింధియా’ అని అతడు కేక వేస్తాడు. సింధియా అనేది వాల్‌చంద్ హీరాచంద్‌గారి నౌకాసంస్థ పేరు. ఆ సంస్థ 1941లో ఇక్కడ ఓడల కర్మాగారమునకు పునాది వేసినది. 1948లో ‘జలఉష’ అనే ఓడను నెహ్రూగారు సముద్రములోనికి వదలినారు. కర్మాగారము హిందూస్థాన్ షిప్‌యార్డు అయి ప్రభుత్వపరమైనది. అయినను బస్సుస్టాపు మాత్రము సింధియాగానే ఉన్నది. ‘ఎన్.ఎ.డి.’ అంటే నౌకాదళపు ఆయుధాగారము. దానిని విడదీసి చెప్పగల ప్రయాణికుడు అరుదు, అక్కడ దిగనివాడు మరీ అరుదు. ‘జగదాంబ’ ఒక సినిమాహాలు పేరు. అది ఇప్పుడు ఒక కూడలికి, ఒక పేటకు పేరు. ‘పాత పోస్టాఫీసు’ అనే మాట పాతపట్టణమే ఒకప్పుడు పట్టణమంతా అని గుర్తు చేస్తుంది. ఆయా సంస్థల పేర్లు కాగితములమీద మారినా బస్సులో మారవు. జనుల నోటిలో నిలిచినదే పేరు అని వాదించిన గిడుగువారి ప్రాంతమిది. వారి వాదమునకు ప్రతిదినము సిటీబస్సు సాక్ష్యము చెప్పుచున్నది.

నేను ఎం.ఎ. చదివిన రోజులలో విశ్వవిద్యాలయమునకు రెండు పేర్లు ఉండేవి: ‘ఇన్ గేట్’, ‘ఔట్ గేట్’. కండక్టరు చంకలో తోలుసంచి, చేతిలో టికెట్ల డబ్బా, వ్రేళ్ళ నడుమ పంచి. రంగురంగుల టికెట్లలో చార్జీకి తగినది చించి, ఎక్కిన స్టేజీ అంకెమీద చిల్లు పొడిచి ఇచ్చేవాడు. దారిని స్టేజీలుగా విభజించి, ఎన్ని స్టేజీలు దాటితే అంత చార్జీ అనే పద్ధతి అది. మా దగ్గర డబ్బు తీసికొనవలసిన అవసరము అతనికి లేదు. జేబులో ఫొటో అంటించిన పాసు ఉండేది. “ఔట్ గేట్! పుస్తకాలోళ్ళు దిగండి బాబూ!” అనేవాడు. మా ఇంటిపేర్లు, ఊరిపేర్లు అతనికి తెలియవు. జాతకములు అంతకంటె తెలియవు. ఆ బస్సులో మాకున్న జాతి ఒక్కటే: పుస్తకాలోళ్ళు.

ఆ పాసు చిన్న అట్టముక్క. కాని అది విద్యార్థివేతనముతో, వసతిగృహముతో సమానమైన వస్తువు. వసతిగృహములో చోటు దొరకనివానికి పాసే వసతిగృహము. అతడు ఇంటిలో తిని, బస్సులో చదివి, తరగతిలో కూర్చుండగలడు. రెండవ గడియను సగము తీసినది ఆ అట్టముక్క.

మిగిలిన సగమును గూర్చి ఇటీవల రెండు రాష్ట్రములలోను పెద్ద ప్రయత్నము జరిగినది. తెలంగాణములో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకము క్రింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకము క్రింద స్త్రీలకు టికెట్టు లేని ప్రయాణము వచ్చినది. మన రాష్ట్రములో అది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సులకు వర్తిస్తుంది. దీనిని గూర్చి ఆర్థికవేత్తలకు భిన్నాభిప్రాయములు ఉండవచ్చును. ఉపాధ్యాయునిగా నేను చెప్పగలది ఒక్కటే. ఇంటిలో ఒక కొడుకు, ఒక కూతురు ఉండి, ఒక్కరి చార్జీకే డబ్బు ఉంటే ఆ చార్జీ ఎవరికి పోయేదో మనకందరకు తెలుసు. ఆ ప్రశ్న ఇప్పుడు ఆ ఇంటిలో పుట్టదు.

మూడవ గడియ

కులమనే గడియ చట్టముతో పోయినది. డబ్బు అనే గడియ పాసుతోను, పథకముతోను చాలవరకు పోయినది. మూడవ గడియ ఇంకను వేసియే ఉన్నది. దాని పేరు కాలము.

మా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఛందస్సులో ఆమెకు ఉన్న చెవి నాకు లేదు; యతి తప్పితే నాకంటె ముందు ఆమె ముఖము చిట్లించేది. సాయంకాలము చివరి పీరియడులో మాత్రము పద్యము నడుమ లేచి నిలబడేది. “మేష్టారూ, బస్సెల్లిపోతాది” అనేది. వాళ్ళ ఊరివైపు పోయే బండి తప్పితే తరువాత బండి చీకటి పడ్డాక గాని లేదు. వాళ్ళ నాన్న చీకటి పడ్డాక రావద్దన్నాడు. నేను తల ఊపేవాడిని. సంవత్సరమంతా నా పాఠములో చివరి ఇరవై నిమిషములు ఆమెకు లేవు. డిగ్రీ అయినాక విశాఖలో ఎం.ఎ. చదువుతావా అని అడిగితే, ఆమె మొదట విషయమును గూర్చి అడగలేదు, ఫీజును గూర్చి అడగలేదు. “తిరుగు బస్సు ఎన్నింటికండీ?” అన్నది. ఆమె ఎం.ఎ. చదువలేదు.

ఆమెకు కులము అడ్డు రాలేదు. చార్జీ అడ్డు రాలేదు. గడియారము అడ్డు వచ్చినది. పాస్కల్ బండికి ఉన్న నాలుగు లక్షణములలో ‘ఒక్కరే ఎక్కినను బయలుదేరవలె’ అన్నది నాలుగవది. దానిని మనము మరచినాము. ఎక్కేవారు తక్కువని బండి తగ్గిస్తారు. బండి తగ్గినదని ఎక్కేవారు ఆటోలకు, సొంత మోటారుసైకిళ్ళకు పోతారు. వారు పోయినారని మరొక బండి తగ్గిస్తారు. ఈ మెట్లు దిగుతూ పోతే చివరి మెట్టున మిగిలేది సొంత బండి లేనివాడు, ఆటో ఎక్కుటకు భయపడే ఆడపిల్ల. టికెట్టు తీసివేసి బండ్లు పెంచకపోతే జనము మెట్లమీద వ్రేలాడుతారు. టికెట్టు తీసివేసి వేళలు పెంచకపోతే సాయంకాలపు తరగతి ఖాళీగా ఉంటుంది. ఉచితము అనేది తలుపు తెరచుట మాత్రమే. తలుపు ముందుకు బండి రావలె గదా.

ఇప్పుడు విశ్వవిద్యాలయములే మనవైపు నడచి వస్తున్నవి. ఎచ్చెర్లలో 1977 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ స్నాతకోత్తర కేంద్రము 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయమైనది. విజయనగరములో 2007లో వచ్చిన సాంకేతిక కళాశాల 2022లో గురజాడ పేరిట విశ్వవిద్యాలయమైనది. 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము వచ్చినది. ఇది సంతోషించవలసిన విషయము. కాని విద్యాలయములు ఊరి నడుమ కట్టుటకు స్థలము ఉండదు. ఊరి వెలుపల పెద్దదారి ప్రక్కన కడతారు. వాల్తేరు గట్టు క్రింద ట్రంకుపెట్టెతో నిలిచిన ఆ కుఱ్ఱవాని చివరి మూడుమైళ్ళు ప్రతి కొత్త విద్యాలయము ముందు మళ్ళీ పుడుతున్నవి. దూరము వంద మైళ్ళనుండి ముప్ఫై మైళ్ళకు తగ్గినది. చివరి మూడుమైళ్ళు తగ్గలేదు.

కళాశాల వేళలు నిర్ణయించేవారు, బస్సు వేళలు నిర్ణయించేవారు ఏడాదికి ఒకసారి ఒక బల్ల చుట్టూ కూర్చుంటే ఈ గడియలో సగము ఊడిపోతుంది. దీనికి కొత్త చట్టము అక్కరలేదు. కోట్ల ధనము అక్కరలేదు. చివరి పీరియడు ముగిసిన పావుగంటకు ఒక బండి, గ్రంథాలయము మూసిన పావుగంటకు ఒక బండి. ఇంతే. ఉపాధ్యాయ మిత్రులు తమ తమ పాఠశాలలలో ఒక పని చేయవచ్చును. తరగతిలో ఎంతమంది పిల్లలు బస్సు కొఱకు పాఠము నడుమ లేస్తున్నారో ఒక కాగితముమీద వ్రాసి డిపోకు పంపవచ్చును. అడుగనిదే అమ్మయినా పెట్టదు. విద్యార్థులు మరొక పని చేయవచ్చును. గరివిడి మొదలు విజయనగరము దాక, అక్కడినుండి వాల్తేరు దాక కండక్టరు పిలిచే ప్రతి స్టాపు పేరును వ్రాసికొని, అది ఎట్లా వచ్చినదో పెద్దలనడిగి తెలిసికొనవచ్చును. అది భాషాచరిత్ర, దేశచరిత్ర కూడ అవుతుంది.

ప్రత్యయము ఒంటరిగా నిలువదు. ‘కొఱకు’ అనగానే ‘ఎవరి కొఱకు?’ అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు ఏ జవాబు ఇస్తామో అదే ప్రకృతి. రేపు చతుర్థీ విభక్తి చెప్పే తరగతిలో పిల్లలను కిటికీవైపు చూడమని నేను మళ్ళీ అంటాను. ఆ సాయంకాలము చివరి పీరియడులో ఎవరును లేచి నిలబడకపోతే, పోయిన ప్రకృతి తిరిగి వచ్చి ప్రత్యయముతో కలిసినదని సంతోషిస్తాను.